ఒడిబియ్యం రూపాయి

పెద్దబాపు పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను దోసెలు పోస్తున్నాను. స్టవ్ ఆపలేదు. గిన్నెలో మిగిలిన పిండి కూడా పోసి, అమ్మకు రెండు పెట్టి, నేను మూడు తిని, చాయ్ గ్లాసు అమ్మ చేతిలో పెట్టాక అప్పుడు చెప్పాను. అమ్మకు ఎనభై దాటినా చెవులు పాముచెవులు. "ఫోనెప్పుడొచ్చింది?" అంది. ఇందాక, దోసెలప్పుడు అన్నాను. "థూ నీ బతుకు చెడ! ఇంటి పెద్ద పోతే, పీనుగ లేవకముందే కడుపునిండ తింటివి. నాతోటి గూడ తినిపిస్తివి. చెప్పాల్సిన మాట చెప్పాల్సినప్పుడు చెప్పవు, నీకు చిన్నప్పటి సంది గదే రోగం" అని గ్లాసు కింద పెట్టేసింది. దోసెల గురించి నాకు సిగ్గేమీ కలగలేదు. మా నాన్నకు అన్న అయినంత మాత్రాన ఆ మనిషి కోసం ఒక పూట కడుపు మాడ్చుకోవడానికి నేనేమీ పుణ్యాత్మురాలిని కాదు. కానీ అమ్మ చివర అన్న మాట మాత్రం గుచ్చుకుంది. అది దోసెలకు మించిన మాటని ఆమెకు తెలియదు.

మన్నెగూడ నుంచి ఇబ్రహీంపట్నం ఎంత దూరమని? అమ్మా నేనూ ఎక్కిన ఆటోకు దారి పొడుగునా ప్లాట్ల జెండాలు, కాలేజీ బస్సులు, గేటు ఒక్కటే లేచి లోపల గడ్డి మొలిచిన వెంచర్లు. మా వాడ కూడా మారిపోయింది. మేం పెరిగిన ఇంటికి ముందరి అరుగు కొట్టేసి షట్టర్లు దించారు, ఒకదానిలో మొబైల్ రిపేరు, ఒకదానిలో కర్రీ పాయింటు. ఆ అరుగు పోయినందుకు నాకు ఇసుమంత బాధ లేదు. వాకిట్లో టెంటు కింద జనం అప్పుడే మొదలుపెట్టారు: ఎంత మంచోడు, ఎంతమందికి దారి చూపించాడు, ఆయన మాటంటే మాటే. చచ్చినవాడి కళ్లు చారెడు అని ఊరికే అనలేదు. మా పెద్దబాపుకు ఉన్నది ఒక్క కన్నే. రెండోది చిన్నప్పుడు అమ్మవారు పోసి పోయింది. ఉన్న కన్నుకు దగ్గరి చూపు ఆనేది కాదు. ఆ కన్ను పని చేసింది నేను. ఈ సంగతి ఆ టెంటు కింద ఎవరికీ గుర్తులేదు.

ఆయన పని నాణేలు పట్టడం, అంటే పాతవి చూసి వెల కట్టి కొనడం. చార్మినారు బొమ్మ ఉన్న నిజాం వెండి రూపాయలు అప్పటికి చెల్లక చాలా ఏళ్లయింది. కానీ ఊళ్లలో మట్టి గురిగిల్లో, దండల్లో, ముసలమ్మలు నడుముకు దోపుకునే రొండిసంచుల్లో ఇంకా ఉండేవి. అంగడి రోజు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొంగున కట్టుకుని తెచ్చేవాళ్లు. ఆయన అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చునేవాడు, ముందర చాప మీద నేను. పదకొండేళ్లదాన్ని. నా ఎడమ భుజం మీద ఆయన చెయ్యి. తమలపాకు, జర్దా, తలకు రాసుకున్న ఆముదం కలిసిన వాసన వెనక నుంచి వచ్చేది. ఇప్పటికీ బస్సులో ఎవరి దగ్గరైనా ఆ జర్దా వాసన వస్తే నేను లేచి వేరే సీటు వెతుక్కుంటాను.

పని మాత్రం బాగా నేర్పాడు, అది కాదంటే నా నోరే పోతుంది. ముందు కుంకుడు నురుగుతో చేతులు కడుక్కోవాలి. బిళ్లను అంచుల దగ్గరే పట్టాలి, మొఖాన వేలు తగలొద్దు. షాబాద్ బండ మీద ఒక్కసారి మోగించి వినాలి. తర్వాత పొద్దుటి ఎండకు వాల్చి, మెల్లగా తిప్పాలి. టంకశాల దాటి ఎవరి చేతిలోనూ పడని బిళ్ల అయితే తిప్పుతుంటే దాని మీద వెలుగు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నీళ్లలా పారుతుంది. పైన నల్లబడి ఉన్నా సరే, ఆ నలుపు కింద పారుతుంది. దాన్ని ఆయన 'కొత్తనీరు' అనేవాడు; ఆ పారడం ఒక్కటి నా వెనక నుంచి ఆయన కన్నుకూ ఆనేది. నీరు తగ్గి, మినార్ల కొసలు కొంచెం మొద్దుబారితే 'చెయ్యి తగిలింది'. మినార్లు బారెడు దూరం నుంచి కర్రల్లా కనిపిస్తూ, దర్వాజ మధ్యలో ఉండే అయిన్ అక్షరం సగం పోతే 'అరుగుడు'. అక్షరమూ పోయి, అంచు పళ్లూ పోయి, చార్మినారు ఉందని నమ్మాల్సి వస్తే 'ఉత్త బిళ్ల'. నాలుగే మెట్లు. ఆ అక్షరం చదవడం కోసమే నాకు ఉర్దూ నేర్పించాడు. అన్నిటికన్నా ముందు నేర్పింది ఒకటుంది. "నాణేన్ని కడగొద్దు బిడ్డ. నలుపు దాని తోలు. తోమినోడు తోలు వలిచినట్టే, మళ్ల రాదు" అనేవాడు. ఈ మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది, ఉండకపోతే బాగుండేది.

రెండో చదువు వేలితో నేర్పాడు. నేను చూసేది నిజంగానే చూడాలి, చెప్పేది మాత్రం ఆయన వేలును బట్టి చెప్పాలి. భుజం మీద బొటనవేలు ఒకసారి నొక్కితే ఒక మెట్టు దించాలి. రెండుసార్లు నొక్కితే రెండు మెట్లు. ముందర కూర్చున్నవాళ్లకు ఏం కనిపిస్తుంది? ఒంటికన్ను మనిషి, చదువుకున్న చిన్నపిల్ల. "నా మాట గాదవ్వా, నాకైతే కండ్లు గూడ ఆనయి. పిల్ల ఏం జూస్తే గదే" అనేవాడు. పిల్ల నోట అబద్ధం వస్తుందని ఎవరనుకుంటారు? కొత్తనీరు ఉన్న బిళ్లలను అరుగుడని చెప్పి దించేదాన్ని. వాళ్లు మొఖాలు వేలాడేసుకుని ఆయనకే ఇచ్చేసి పోయేవాళ్లు. సాయంత్రం నా చేతిలో పటికబెల్లం ముక్క పడేది. భయపడి చెప్పానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అబద్ధం. ఇంటినిండా పిల్లలుంటే ఆయన నన్నే ఎంచుకున్నాడని పొంగిపోయి చెప్పాను.

ఇక అమ్మ రూపాయి. అమ్మది మహేశ్వరం. మా ఇంట్లో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ 'మహేశ్వరం ఆమె'. పెళ్లయిన కొత్తలో పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోసినప్పుడు ఆ బియ్యంలో మా అమ్మమ్మ ఒక వెండి రూపాయి వేసింది. ఆ తర్వాత అమ్మమ్మ పోయింది, పుట్టింటి తలుపు మూసుకుంది, ఆ రూపాయి మిగిలింది. మా నాయనమ్మకు అమ్మను పొడవడానికి రోజుకొక మేకు కావాలి. కూర ఉప్పగుంటే మేకు, పిండి పల్చనైతే మేకు. ఒకరోజు ఎవరో చుట్టాలొచ్చి కూర్చుంటే, జొన్నరొట్టెలు కాలుస్తున్న అమ్మకు వినపడేట్టు, "మహేశ్వరపోళ్ల సంగతి చెప్పకుండ్రి. ఒడిబియ్యంల గూడ ఉత్త బిళ్ల ఏసి పంపిన్రు" అంది. మా నాన్న అక్కడే ఉన్నాడు. ఆయనకు నోట్లో నాలుక లేదు, తలొంచుకుని బీడీ వెలిగించుకున్నాడు.

అమ్మ పెనం దించింది. చేతులు కడుక్కుని, రొండిసంచిలోంచి రూపాయి తీసి, అరుగు దర్వాజ దగ్గరికి వచ్చి తలుపు చాటున నిలబడింది. బావతో ఎదురుగా మాట్లాడే వాడుక లేదు కనక నాతో అంది, "మీ పెద్దబాపుకియ్యే. చూసి చెప్పమను. ఏదుంటే గది చెప్పమను." అమ్ముకోవడానికి కాదు. తన తల్లి మంచి రూపాయి వేసిందా, చెల్లని బిళ్ల వేసిందా, ఆ ఒక్కటి నలుగురి ముందర తేలాలి. నాయనమ్మ వచ్చింది, చుట్టాలు వచ్చారు. అరుగు మీద నేను, నా భుజం మీద చెయ్యి.

నేను ఎండకు వాల్చాను. నా బతుకులో అట్లాంటి బిళ్లను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. పైన సన్నటి నలుపు, ఉల్లిపొరంత. కింద నీరు పారుతూ ఉంది. మినార్ల కొసలు గుచ్చుకునేట్టున్నాయి. దర్వాజలో అయిన్ అక్షరం నిన్న రాసినట్టుంది. అంచు పళ్లలో ఒక్కటి పోలేదు. నా గొంతులో మాట తయారైంది కూడా. "ఏముందే? జర మంచిగ జూడు" అన్నాడు పెద్దబాపు. బొటనవేలు నొక్కింది. మళ్లీ నొక్కింది. మూడోసారి కూడా నొక్కింది. మూడుసార్లు ఎవరికీ నొక్కలేదు అంతవరకు.

"ఉత్త బిళ్ల పెద్దబాపు. నీరు లేదు" అన్నాను.

నాయనమ్మ నవ్విన నవ్వు నేను చచ్చేదాకా మర్చిపోను. పెద్దబాపు ఎంతో జాలిపడుతున్నట్టు, "నా మాట గాదు, ఆమె బిడ్డనే చెప్పింది. ఉంచుకోని ఏం జేస్తది? ఇచ్చెయ్యమను, నేనేదన్న సర్దుత" అన్నాడు. అమ్మ తలుపు చాటు నుంచి చెయ్యి చాపి రూపాయి తీసుకుంది. ఇయ్యనంది. ఆ ఒక్క ముక్కే అని లోపలికి పోయి మళ్లీ పెనం పెట్టింది.

ఆ మధ్యాహ్నం బావి దగ్గర గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది. కోప్పడుతుందనుకున్నాను. "నీరంటే ఏందే?" అని అడిగింది. మెరుపమ్మా, కొత్త బిళ్లకుంటది అన్నాను. "నల్లగైంది గద, గందుకే కనపడ్తలేదేమో. తోమితె వస్తదా?" అంది. చేతిలో చింతపండు, ముందర ఇటుకపొడి. తోమితే తోలు వలిచినట్టేనని నాకు తెలుసు. ఆ ఊరు మొత్తంలో తెలిసింది ఇద్దరికే, ఆయనకూ నాకూ. నేను "ఏమో" అన్నాను. ఏమో! అంతకన్నా ఉత్త బిళ్ల అన్నదే నయం. అమ్మ తోమింది. చింతపండు పులుసుకు నలుపు పోయి తెల్లగా వస్తే, "జూడు, వస్తుంది" అని సంబరపడింది కూడా.

ఇక ప్రతి శుక్రవారం దేవుడి సామాన్లతో పాటు ఆ రూపాయినీ తోమేది. దీపం కుందులు, హారతి పళ్లెం, రూపాయి. నీరు వస్తుందని, వస్తే మళ్లీ అరుగు మీదికి పంపిస్తానని. పెద్దబాపు పొద్దున వేపపుల్ల నములుతూ బావి పక్కనుంచే పోయేవాడు. చూసేవాడు. ఒక్కనాడూ "తోమకుండ్రి" అనలేదు. తనకు దక్కని దాన్ని అట్లా అరిగిపోనిచ్చాడు. నేనూ అనలేదు, నేను స్కూలుకు పోయేదాన్ని, తర్వాత కాలేజీకి, తర్వాత టీచరు ఉద్యోగానికి. నేను ఎదిగేకొద్దీ ఆ చార్మినారు అరిగింది. ముందు కొసలు, తర్వాత అక్షరం. ఆఖరికి మేం మన్నెగూడ ఫ్లాటుకు మారాక స్టీలు సింకులో కూడా తోమింది. నేను వంటింట్లో ఉంటే ఆ చప్పుడుకు టీవీ సౌండు పెంచేదాన్ని.

టెంటు కింద మమ్మల్ని చూసి పెద్దబాపు కొడుకు శంకర్ లేచి వచ్చాడు. మాలో పోయినవాళ్ల నొసట వెండి రూపాయి పెట్టి పంపడం ఆనవాయితీ. "అక్కా, బాపు చెప్పిపోయిండు. నొసటికి మంచి బిళ్ల పెట్టాలె, ఏది మంచిదో అక్కకే తెల్సన్నడు. జర చూసియ్యి" అని రేకు డబ్బా తెచ్చి నా ఒడిలో పెట్టాడు. చచ్చి కూడా నా కన్నే కావాలి! శంకర్ అల్లుడు పక్కనే ఫోను పట్టుకుని, "ఇప్పుడు బిళ్లలన్ని ప్లాస్టిక్ డబ్బల సీల్ జేసి నంబర్ ఏస్తరత్తమ్మా, డెబ్బైకి అరవై దాటితే మస్తు. ఎవ్వరు మోసం జెయ్యలేరు" అని నాకు పాఠం చెప్పాడు. నంబరు మంచిదే నాయనా. అది వేసేవాడి భుజం మీద ఎవరి చెయ్యి ఉంటుందో నీ ఫోనులో చూపిస్తుందా?

డబ్బాలో కాగితపు పొట్లాలు. పాత ఉర్దూ పేపరు ముక్కలు, ఒక్కొక్కదాని మీద ఆయన లావుపాటి చేతిరాత, తెలుగు మాటలే ఉర్దూ అక్షరాల్లో. మొదటిది విప్పకముందే చదివాను. "రాయపోలు బాలమ్మ. కొత్తనీరు." రెండోది, "మంగల్‌పల్లి ఖాసింబీ. కొత్తనీరు." ఇద్దరూ నాకు గుర్తున్నారు. ఇద్దరికీ నేను అరుగుడని చెప్పాను. అందరి దగ్గరా దించి తీసుకున్నవాడు తన కోసం నిజం రాసి పెట్టుకున్నాడు, లంగ దొంగ! నేను గట్టిగానే చదివాను, ఒకటి తర్వాత ఒకటి. గుంపులో ఒక ముసలామె, "రాయపోలు బాలమ్మ మా అత్తనే. అరుగుడన్నరని ఇంటికొచ్చి ఏడ్చింది గద" అంది. "అక్కా, గివన్ని ఇప్పుడెందుకు? పీనుగ ముందరున్నది" అని శంకర్ కోప్పడ్డాడు. "నీ అయ్యనే చూసియ్యమన్నడంటివి గదరా, చూస్తున్న" అన్నాను.

అడుగున ఉన్న పొట్లం తేలిగ్గా ఉంది. విప్పితే ఖాళీ. పైన, "మహేశ్వరం ఆమె. కొత్తనీరు" అని ఉంది. ఇస్తుందనుకుని ముందే కాగితం మడిచి పెట్టుకున్నాడు. దాన్ని మాత్రం నేను బయటికి చదవలేదు. మడిచి పిడికిట్లో దాచాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది?

"ఒక్కటన్న తియ్యక్కా, పొద్దువోతుంది" అన్నాడు శంకర్. అప్పుడు గోడ పక్కన ఆడవాళ్లలో కూర్చున్న అమ్మ రొండిసంచి విప్పింది. "ఆ మంచివన్ని మీరుంచుకోండ్రి. బావకు గిది పెట్టుండ్రి. నా తల్లి ఇచ్చింది. ఉత్త బిళ్లే, బావ ముందరనే తేలింది గద. ఇంటి పెద్దకు నా తరపున పోనియ్యి" అని రూపాయి చాపింది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఇస్తోంది, పొద్దున తిన్న దోసెల తప్పుకు అనుకుంటాను. శంకర్ తీసుకోవడానికి చెయ్యి చాపాడు. నొసట పెట్టాక అది మళ్లీ ఇంటికి రాదు, కాటి దగ్గర తీసుకునేవాళ్లు తీసుకుంటారు. మా అమ్మమ్మది ఈ భూమ్మీద మిగిలిన ఒక్క వస్తువు ఆయన నొసటి మీదికి పోతోంది, నా మాట పట్టుకునే పోతోంది.

"వద్దురా! ఇయ్యకమ్మా" అని అరిచాను. "అది కొత్తనీరు."

అమ్మ చెయ్యి అట్లాగే ఆగింది. "ఏది?"

"నీ రూపాయి. ఆ రోజు కొత్తనీరే. నాకు కనపడ్డది. ఆయన భుజం నొక్కితే ఉత్త బిళ్ల అన్న" అని పిడికిలి విప్పి కాగితం చదివాను.

అమ్మ కాగితం అందుకుని తిప్పి చూసింది, చదువు రాకపోయినా. "మరి నేను తోముతుంటే?" అంది.

"తోమొద్దని నాకు తెలుసు."

"ఇన్నేండ్లు తోమిన గదనే" అంది అమ్మ. తర్వాత రూపాయిని నా ముందుకు చాపింది. "చూడు. ఇప్పుడు జూడు. ఎవ్వలి చెయ్యి లేదు నీ మీద. ఏంది గిది?"

వద్దమ్మా అన్నాను. చూడమంది. అంచులు పట్టుకున్నాను, పట్టడానికి పళ్లు లేవు. ఎండకు వాల్చాను. సన్నసన్నటి గీతలు, సింకు అడుగున ఉన్నట్టే. మినార్లు ఉన్నచోట నాలుగు మచ్చలు. దర్వాజ లేదు, అక్షరం లేదు. ఎంత తిప్పినా వెలుగు ఒక్కచోటే నిలబడింది.

"చెప్పు."

"ఉత్త బిళ్ల" అన్నాను.

"అవ్. ఇప్పుడు నిజం జెప్పినవ్" అని అమ్మ నా చేతిలోంచి లాక్కుంది. రొండిసంచిలో వేసి దారం బిగించి, "గిది ఎవ్వలికియ్య" అని శంకర్‌తో అంది. శంకర్ డబ్బాలోంచి బాలమ్మ రూపాయి తీసి తండ్రి నొసట పెట్టాడు. బాలమ్మ కోడలు చూస్తూనే ఉంది.

తిరుగు ఆటోలో నేనే మొదలుపెట్టాను. పెద్దబాపును నోటికొచ్చినట్టు తిట్టాను, పాడె మీదున్నవాడిని. ఆదిభట్ల దాటేదాకా అమ్మ వింది. "బావ వేలు నీ భుజం మీదుండె, సరే" అంది చివరికి. "బాయి కాడ నేనడిగిన నాడు ఎవ్వలి వేలుండె?"

ఇప్పుడు శుక్రవారం కుందులు తోముతుంది, పళ్లెం తోముతుంది. రూపాయి తియ్యదు. నేను ఒకటి రెండుసార్లు చూస్తానని అడిగాను. నా చేతికి ఇవ్వలేదు.